రిసోట్టోలో మీగడ ఎక్కడిది?

కొంతకాలంగా మన నగరాలలోని భోజనశాలల పట్టికలలో 'క్రీమీ రిసోట్టో' అనే పేరు తరచుగా కనబడుతున్నది. వంటలు చిత్రించి చూపేవారు కూడా దీనిని ఇంట్లో చేసుకొనే విధం తెలుగులో చెబుతున్నారు. సంతోషమే. అన్నం తినే జాతికి మరొక జాతి అన్నం ఎలా వండుకొంటుందో తెలియడం మంచిదే గదా! అయితే నేను చూచినవాటిలో పెక్కింటి పద్ధతి ఒక్కటే. బాసుమతి బియ్యాన్ని మూడుసార్లు కడుగుతారు. పొడిపొడిగా అన్నం వండుతారు. దానిమీద డబ్బా మీగడ గుమ్మరించి, చీజు తురిమి, రెండు ఆకులు అలంకరించి రిసోట్టో అంటారు. ఒక నగరంలో పేరున్న భోజనశాలలో నాకు వడ్డించినదీ అదే. రెండు ముద్దలు తినేసరికి నోరు మొగం మొత్తింది.

ముప్పయి యేళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినదానిని కనుక నాకు ఇది వంటలో దోషంగా కంటె ముందు వ్యాకరణ దోషంగా తోచింది. 'క్రీమీ' అన్నది అక్కడ గుణవాచకం. దానిని మనవారు ద్రవ్యవాచకం చేశారు. ఫలానావారిది వెన్నవంటి మనసు అంటే ఆ మనసుకు వెన్న పూశారని కాదు. ముత్యాలవంటి అక్షరాలు అంటే ఎవరూ కాగితం మీద ముత్యాలు అతికించరు. అటులే, మీగడవలె ఉన్నది అంటే మీగడ పోసినది అని అర్థం కాదు. ఉపమానం వేరు, ఉపమేయం వేరు అని ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పే పాఠమే ఇది. ఆ పాఠం మరచినందువల్ల ఒక మంచి వంటకం మన ఇళ్ళకు రాకముందే రూపు మారిపోతున్నది.

నేను చెప్పదలచినది సూటిగా చెబుతాను. రిసోట్టోకు మీగడ అక్కరలేదు. దానిలోని మీగడతనం బియ్యానిది, గరిటెది, కొంత వెన్నది, జున్నుది. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే, అది గంజిది.

గంజి అనగానే మనకు వార్చి పారబోసేదో, చీరలకు పెట్టేదో, జ్వరం వచ్చినవారికి ఇచ్చేదో జ్ఞాపకం వస్తుంది. మన పాకశాస్త్రమంతా అన్నం నుండి గంజిని వేరుచేయడంలో ఉన్నది. బియ్యం కడగటం, ఎసట్లో వేయటం, వార్చటం, పాత బియ్యం కోసం వెదకటం - ఇవన్నీ మెతుకుకు మెతుకు అంటకుండా ఉండడానికే. పులిహోరకు అన్నం ముద్దయితే ఆ ఇల్లాలి పనితనానికే మచ్చ. ఇటలీ ఉత్తరభాగపువారి చూపు దీనికి సరిగా ఎదురుదిక్కున ఉన్నది. వారు గంజిని పోనివ్వరు. గింజలో ఉన్న గంజిని కొద్దికొద్దిగా బయటికి రప్పించి, ఆ గింజలకే పులుసుగా తొడుగుతారు. వార్చటం మన విద్య, వార్చకుండా ఉంచటం వారి విద్య. ఈ ఒక్క భేదం గ్రహిస్తే రిసోట్టో సగం వచ్చినట్లే.

ఇందులో ఉన్న శాస్త్రం కఠినమేమీ కాదు. బియ్యపు పిండిపదార్థంలో రెండు జాతులున్నాయి. ఒకటి అమైలోజు, నిలువుగా సాగే గొలుసు వంటిది. రెండవది అమైలోపెక్టిను, చెట్టుకొమ్మలవలె శాఖలు వేసినది. మొదటిది ఎక్కువగా ఉంటే అన్నం విడివిడిగా నిలుస్తుంది. రెండవది ఎక్కువగా ఉంటే జిగురు వస్తుంది. బాసుమతి మొదటి దారిది. రిసోట్టోకు వాడే పొట్టి లావు గింజల పై భాగం సులువుగా కరగి చిక్కని గంజినిస్తుంది. నడుమనున్న తెల్లని భాగం మాత్రం ఉడికిన తరువాత కూడా పంటికి కొంచెం తగులుతుంది. పైన జారుడు, లోపల బిరుసు: ఈ రెండూ కలిసి ఉండటమే ఆ అన్నపు గొప్ప. పైన పోసిన మీగడ మొదటిదానిని నటించగలదు గాని రెండవదానిని ఇవ్వలేదు.

ఈ బియ్యం ఇటలీకి పరాయిదే. పదిహేనవ శతాబ్దంలో పో నది మైదానంలో వరి సాగు వేళ్ళూనుకొన్నది. మిలాను ప్రభువు గాలియాజ్జో మరీయా స్ఫోర్జా 1475లో ఫెరారా ప్రభువుకు పన్నెండు బస్తాల బియ్యం పంపుతానని వ్రాసిన లేఖ ఆనాటి సాక్ష్యాలలో ప్రసిద్ధమైనది. తరువాత 1863-66 మధ్య త్రవ్విన కవూర్ కాలువ పో నది నీటిని వెర్చెల్లి, నొవారా ప్రాంతాల పొలాలకు చేర్చింది. ధవళేశ్వరం ఆనకట్ట కాలువలు గోదావరి మండలాలకు ఏమి చేశాయో తెలిసినవారికి ఆ కాలువ ఆ సీమకు ఏమి చేసిందో వేరే చెప్పనక్కరలేదు. నేడు ఐరోపా సమాఖ్య పండించే వరిలో దరిదాపు సగం ఇటలీదే.

ఆ పొలాలలో మోకాటి లోతు నీటిలో వంగి కలుపు తీసినవారు స్త్రీలు. వారిని 'మొండీనె' అంటారు. దూరప్రాంతాల నుండి వేసవి మొదట్లో మూకలుగా వచ్చి, వారాల తరబడి నడుము ఎత్తకుండా పనిచేసి, కూలిలో కొంత భాగం బియ్యంగానే తీసుకొని వెళ్ళేవారు. పని దినం ఎనిమిది గంటలకు మించరాదని 1906లో వెర్చెల్లి ప్రాంతంలో సమ్మెలు చేసినవారు వీరే. 1949లో వచ్చిన 'రీజో అమారో' అనే చలనచిత్రం వారి బ్రతుకు మీద అల్లినదే. యంత్రాలు, కలుపు మందులు వచ్చాక 1960ల నాటికి ఆ దృశ్యం అంతరించింది. కోనసీమలో నాట్లు చూచిన ఎవరికైనా ఈ కథ పరాయిదిగా తోచదు. విదేశీ వంటకం అనగానే అది దొరల బల్లమీది సొగసు అనుకొనే అలవాటు మనకున్నది. కాని ఇది కాలువ క్రింద పండిన పంట, కూలి ఆడవారి నడుము నొప్పి నుండి వచ్చిన అన్నం. అందుకే దానిమీద డబ్బా మీగడ పోసి 'రాయల్' అని పేరు పెడితే నాకు కష్టం తోస్తుంది.

ఇక పేర్లు. రిసోట్టో అన్న మాట 'రీజో' నుండి వచ్చింది. రీజో అంటే బియ్యం. చిన్నదనాన్నీ చనువునూ తెలిపే ప్రత్యయం చేరి రిసోట్టో అయింది. మనం ముద్దుగా 'బువ్వ' అన్నట్లనుకోవచ్చు. బియ్యపు రకాలలో వియలోనె నానో 1937 నాటిది, కార్నరోలి 1945 నాటిది, అర్బోరియో 1946 నాటిది. చివరిది వెర్చెల్లి మండలంలోని ఒక ఊరి పేరు. మన దేశంలో పెద్ద దుకాణాలలో దొరికేది ఎక్కువగా అర్బోరియోయే. కార్నరోలి దొరికితే అదే మేలు. నిముషం రెండు నిముషాలు పొరబడినా చిమిడిపోదు.

ఇప్పుడు వండే విధం చెబుతాను. నలుగురికి సరిపడే కొలత ఇది. బియ్యం 320 గ్రాములు. కూరగాయల రసం లీటరుంబావు నుండి లీటరున్నర. చిన్న ఉల్లిపాయ ఒకటి. వెన్న 70 గ్రాములు. తురిమిన జున్ను 60 నుండి 80 గ్రాములు. ఇష్టముంటే చిటికెడు కుంకుమపువ్వు.

బియ్యం కడుగరాదు. ఇది మన చేతులకు మహా కష్టమైన నియమం. కడిగితే గింజకు అంటుకొన్న పిండి నీటితో పోతుంది. మనకు కావలసినది అదే. రాళ్ళూ ధూళీ లేకుండా కట్టి అమ్మే బియ్యం కాబట్టి ఏరి చూచుకొంటే చాలు.

రసం ముందుగానే కాచుకోవాలి. ఉల్లి, క్యారెట్టు, సెలరీ కాడలు, నాలుగు మిరియపు గింజలు నీటిలో వేసి ముప్పావు గంట సన్నని మంటపై మరగనిచ్చి వడకట్టాలి. ఇది పక్క పొయ్యిమీద వేడిగానే ఉండాలి. చల్లని రసం పోస్తే ఉడుకు ఆగిపోతుంది. పైన చిమిడి లోపల పలుకు మిగులుతుంది. ఉడుకుతున్న అన్నంలో చన్నీళ్ళు పోయరాదని మన పెద్దలు చెప్పినదీ ఇందుకే.

అడుగు మందమైన వెడల్పు గిన్నెలో సగం వెన్న కరగించి సన్నగా తరిగిన ఉల్లి ఎర్రబడకుండా మెత్తబడేదాకా వేయించాలి. ఆ మీద బియ్యం వేసి రెండు మూడు నిముషాలు కలియబెట్టాలి. గింజ అంచులు అద్దంవలె మెరుస్తూ, నడుమ తెల్లగా నిలిచి, చేయి పెడితే వేడి తగలాలి. ఎర్రగా మాత్రం కారాదు. దీనిని వారు 'తోస్తాతూరా' అంటారు. పిదప తెల్లని ద్రాక్షసారా అరగ్లాసు పోసి ఆవిరి కానిస్తారు. మా ఇంట సారా వాడుక లేదు. దాని పని వెన్న జిడ్డును విరిచే కొద్దిపాటి పులుపు కాబట్టి, చివరలో నాలుగు నిమ్మరసపు బొట్లు వేస్తాను. రుచి అచ్చంగా అది కాదు. పని మాత్రం జరుగుతుంది.

తరువాత వేడి రసం గరిటెడు గరిటెడుగా పోస్తూ, అది ఇంకుతున్నప్పుడు మరొక గరిటె పోస్తూ, నడుమ నడుమ కలుపుతూ ఉండాలి. గింజలు ఒకదానితో ఒకటి ఒరుసుకొని గంజి వదులుతాయి. పదహారు నుండి పద్దెనిమిది నిముషాలు పడుతుంది. పదునాలుగో నిముషం నుండి గింజ కొరికి చూడాలి. గోరువెచ్చని రసంలో నానిన కుంకుమపువ్వు ఈ దశలో వేస్తే మిలాను వారి పసుపువన్నె రిసోట్టో అవుతుంది. వారి పాత పద్ధతిలో ఎముక మూలుగు కూడా ఉన్నది. శాకాహారులకు అది అక్కరలేదు.

చివరి ఘట్టమే ప్రాణం. పొయ్యి ఆర్పి, ఒక్క నిముషం ఆగి, మిగిలిన వెన్నను చల్లనిదే ముక్కలుగా వేసి, తురిమిన జున్ను చల్లి, గిన్నె పట్టి ఊపుతూ గట్టిగా చిలికినట్లు కలపాలి. దీనిని 'మాంతెకాతూరా' అంటారు. ఆ మాటకు మూలమైన 'మాంతెకా' స్పానిషు భాష నుండి వచ్చినది; అక్కడ దానికి క్రొవ్వు, వెన్న అని అర్థం. గంజిలోని పిండి వెన్నను విరగకుండా పట్టి ఉంచుతుంది. రెండూ ఏకమై నిగనిగలాడే పాలవన్నె వస్తుంది. అదిగో, అదే 'క్రీమీ'! పళ్ళెంలో వడ్డించి పళ్ళేన్ని కొంచెం వంచితే అన్నం అలవలె కదలాలి. ఆ అలనే వారు 'అల్లొండా' అంటారు. గుట్టవలె నిలిచితే గట్టిపడినట్లు. నీరు విడిపోతే పలుచనైనట్లు. ఉప్పు చివరనే చూచుకోవాలి, జున్నులో ఉప్పు ఉంటుంది కాబట్టి. బజారు వెన్నలో కూడా తరచు ఉప్పు ఉంటుంది. అందుచేత ఇంట చిలికిన వెన్న దీనికి ఎంతో అనువైనది. లొంబార్డీ సీమ ఆవుల సీమ. అక్కడి వంట వెన్నతో నడుస్తుంది. కవ్వం తెలిసిన మనకు ఆ ఘట్టం వేరే నేర్పనక్కరలేదు.

ఆక్షేపణలు ఉంటాయి. వాటికి సమాధానం చెప్పకుండా ముగించటం న్యాయం కాదు.

ఇటలీలోనే మీగడ వేసేవారు లేరా? ఉన్నారు. 1980ల ప్రాంతంలో అక్కడి భోజనశాలలలో అన్నిటా మీగడ పోసే వేలంవెర్రి ఒకటి నడిచింది. అది ఒక కాలపు వాడుక, మూలధర్మం కాదు. 1891లో పెల్లెగ్రీనో ఆర్తూజీ వెలువరించిన ప్రసిద్ధ పాకగ్రంథంలో మిలాను రిసోట్టో ఒకటికి మించిన తీరుల్లో ఉన్నది. వెన్న ఉన్నది, కుంకుమపువ్వు ఉన్నది, ఒకదానిలో మూలుగు కూడా ఉన్నది. మీగడ మాట లేదు.

జున్ను సంగతి ఏమిటి? అసలైన పార్మిజానో రెజ్జానో తయారీకి దూడ కడుపు నుండి తీసిన తోడు వాడతారు. అది ఆ జున్ను నియమావళిలోనే ఉన్నది. కనుక కట్టుబాటు గల శాకాహారులకు అది పనికిరాదు. పచ్చ గుర్తు ఉన్న గట్టి జున్ను మన దేశంలో దొరుకుతుంది, దానిని వాడుకోవచ్చు. ఈ విషయం తెలిసి కూడా చెప్పకుండా 'ప్యూర్ వెజ్' అని వ్రాసి పార్మిజానో చల్లి పెట్టటం మీగడ పోయటం కంటె పెద్ద తప్పు.

అంతసేపు ఎవరు కలుపుతారు, కుక్కరులో పెట్టరాదా? పెట్టవచ్చు. ఇటలీ ఇల్లాండ్రు కూడా పెడతారు. ఉల్లి, బియ్యం వేయించి, బియ్యానికి రెండింతలకు కొంచెం పైగా వేడి రసం పోసి, ఆవిరి పట్టిన తరువాత ఆరేడు నిముషాలు ఉంచి దింపి, పైన చెప్పినట్లు వెన్నతో చిలికితే చక్కగానే వస్తుంది. రసమంతా ఒక్కసారిగా పోసి చేసేవారూ ఉన్నారు. కాబట్టి గరిటె త్రిప్పటమే తపస్సు అని నేను అనను. కడుగరాదు, తగిన బియ్యం కావాలి, దింపి చిలకాలి. ఈ మూడూ ఉంటే పాత్ర ఏదైనా ఫరవాలేదు.

మన బియ్యంతో చేయరాదా? చేయవచ్చు. కొత్త బియ్యమైతే జిగురు కూడా వస్తుంది. కాని లోపలి బిరుసు నిలువదు. మొత్తం మెత్తబడి కట్టెపొంగలి పోలిక వస్తుంది. అది రుచిగానే ఉంటుంది. దానికి రిసోట్టో అని పేరు పెట్టటం దేనికి? మన కట్టెపొంగలిని ఎవరైనా నెయ్యి, మిరియాలు తీసివేసి వండి అదే పేరుతో అమ్మితే మనం ఊరుకుంటామా? మన పేరు మీద మనకున్న అభిమానం ఇతరుల పేరు మీద వారికీ ఉంటుంది.

ఇక నా మనసులో అన్నిటికంటె ముఖ్యంగా ఉన్న సంగతి. రిసోట్టో ఆగదు. దించిన అయిదు నిముషాలలో తినాలి. చల్లారేకొద్దీ గంజి బిగిసి ముద్దకడుతుంది. తిరిగి వేడి చేస్తే ఆ అల మళ్ళీ రాదు. మీగడ పోసిన అన్నం మాత్రం గంటసేపు అలాగే ఉంటుంది. భోజనశాలలకు అది అనుకూలం. మీగడ వచ్చినది రుచి కోసం కాదు, సౌకర్యం కోసం.

ఇల్లు భోజనశాల కాదు గదా! ఇంట్లో దీనిని సరిగా చేయాలంటే అందరూ ముందే కూర్చుని ఉండాలి. ఆ అందరిలో వండినవారు కూడా ఉండాలి. ఇక్కడే మన ఇళ్ళకు చిక్కు వస్తున్నది. మా అమ్మమ్మ, మా అమ్మ, మా అత్తగారు - అందరికీ వడ్డించి, ఆఖరున గిన్నె అడుగున మిగిలినది చల్లగా తిన్నవారే. నేనూ బడి నుండి వచ్చి అలాగే చాలా యేళ్ళు తిన్నాను. పప్పు, చారు, మజ్జిగ ఆ ఆలస్యాన్ని ఓర్చుకొంటాయి. మన వంటలకున్న ఆ ఓర్పు వెనుక ఆడవారి ఓర్పు ఉన్నదని నాకు తరచు అనిపిస్తుంది. రిసోట్టో ఓర్చుకోదు. వండినామె కూర్చోకపోతే ఆమె పళ్ళెంలోకి వచ్చేది రిసోట్టో కాదు, దాని కళేబరం.

అందుచేత మా ఇంట ఇది చేసిన రోజున ఒక నియమం ఉన్నది. మావారు నలుగురికీ పళ్ళేలు వేడి చేసి ఉంచుతారు. అబ్బాయి మంచినీళ్ళు, కోడలు తురిమిన జున్ను బల్లమీద పెట్టి కూర్చుంటారు. నేను వడ్డించి వారితోపాటు కూర్చుంటాను. మధ్యలో ఎవరికి ఏది కావాలన్నా వారే లేచి తెచ్చుకోవాలి. ఒక్కొక్కసారి గరిటె మావారే పడతారు. మొదట్లో ఇది విడ్డూరంగా ఉండేది. ఇప్పుడు పప్పన్నం రోజున కూడా అలాగే కూర్చుంటున్నాము.

మిగిలితే ఏమి చేయాలని అడుగుతారేమో. మిలానులో మిగిలిన రిసోట్టోను పలుచని అట్టువలె వత్తి, వెన్నలో రెండువైపులా కరకరలాడేటట్లు కాలుస్తారు. దానిని 'రీజో అల్ సాల్తో' అంటారు. చద్దన్నానికి వారు చూపిన గౌరవం అది. అది మాత్రం నింపాదిగా తినవచ్చు.

ఏతావాతా నా మనవి ఇది. పరదేశపు వంటకాన్ని తెచ్చుకొనేటప్పుడు పేరు ఒక్కటే తెచ్చుకొంటే చాలదు, దాని పద్ధతినీ వేళనూ కూడా తెచ్చుకోవాలి. మీగడ డబ్బా కొనకండి; ఆ డబ్బుకు మంచి బియ్యం కొనండి. గంజిని పారబోయకండి. వండినవారిని కూర్చోబెట్టి వేడివేడిగా తినండి.

స్వస్తి.